ఎముకకు సిమెంటు పెట్టిన డాక్టరు - జాన్ చార్న్‌లీ

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసివ్వమని సంపాదక కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము వెంటనే ఒప్పుకున్నాం గాని, ఎవరి గురించి రాయాలో తేల్చుకోవడానికి వారం రోజులు పట్టింది. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఈ సంచికలో మాకంటే బాగా రాసేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. పాత సంచికలు తిరగేస్తే ఐన్‌స్టీన్, మేడమ్ క్యూరీ, సి.వి.రామన్ కూడా వచ్చేశారు. అందుకని వైద్యలోకంలో అందరికీ తెలిసి, మన హాస్టల్లో మాత్రం బహుశా ఎవరూ విని ఉండని ఒక ఇంగ్లీషు డాక్టరును ఎంచుకున్నాం. ఆయన పేరు సర్ జాన్ చార్న్‌లీ.

ఆయన పేరు మాకు ఎమ్మెస్సీ పుస్తకాల్లో తగలలేదు. మా నాయనమ్మ వల్ల తెలిసింది. గత ఏడాది వానాకాలంలో ఆమె వాకిట్లో నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టేసి కూలబడింది. పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి, ఒక వెన్నుపూస కుంగిపోయిందని, సూది ద్వారా దాంట్లోకి సిమెంటు ఎక్కించాలని, అరవై వేలు సిద్ధం చేసుకోమని చెప్పారు. మా నాన్న తాపీ మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా సిమెంటులోనే బతుకుతున్న మనిషి. ఆ మాట విని ఆయన ముందు నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని మమ్మల్ని అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ దాటిన వాళ్ళం మేమే. పైగా చదివింది కెమిస్ట్రీ. కాబట్టి ఈ సిమెంటు ఏమిటో మాకు తెలిసి ఉండాలని ఆయన నమ్మకం. మాకు తెలియదు. ఆ సంగతి నాన్నకు చెప్పలేక, రెండు రోజులు గడువు అడిగి, యూనివర్సిటీ లైబ్రరీకి పోయాం. అక్కడ దొరికిన మనిషి చార్న్‌లీ.

ఆయన 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, బరీ అనే ఊళ్ళో పుట్టారు. అది నూలు మిల్లుల సీమ. తండ్రికి మందుల షాపు ఉండేది. తల్లి నర్సుగా శిక్షణ పొందిన మనిషి. మనలాగా మొదటి తరం చదువు కాదాయనది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాం. కష్టాల్లోంచి పైకొచ్చిన కథ కోసం చూసేవాళ్ళకు ఇందులో అది దొరకదు. బరీ గ్రామర్ స్కూల్లో చదివి, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యం పూర్తిచేసి, 1935లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాది, 25 ఏళ్ళ వయసుకే, ఎఫ్.ఆర్.సి.ఎస్. పాసయ్యారు. అంత చిన్న వయసులో అది రావడం అరుదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో సైన్యంలో డాక్టరుగా చేరారు. డన్‌కర్క్ నుంచి సైనికులను ఓడల్లో తరలించిన రోజుల్లో ఆ పనిలో ఉన్నారు. తర్వాత ఈజిప్టుకు పంపించారు. అక్కడ విరిగిన కాళ్ళూ చేతులూ బాగుచేస్తూనే, సైన్యపు వర్క్‌షాపులో కూర్చుని కట్టుబద్దలు, ఆపరేషను పనిముట్లు తయారు చేయించడం మొదలుపెట్టారు. చేత్తో పనిచేయడం ఆయనకు ఇష్టం. తర్వాతి రోజుల్లో ఇంట్లోనే లేతు మిషను పెట్టుకున్నారు. డాక్టరు కోటు వేసుకున్నా, ఆయన మనసు సగం ఫిట్టరు మనసు. మన హాస్టల్లో ఐ.టి.ఐ. చదివే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే కథ మిగతా భాగం బాగా అర్థమవుతుంది.

యుద్ధం అయ్యాక కొన్నాళ్ళు ఆస్‌వెస్ట్రీ అనే ఊళ్ళోని ఎముకల ఆసుపత్రిలో పనిచేశారు. ఒక చోటి ఎముక ముక్క తీసి ఇంకో చోట పెడితే అది ఎలా అతుక్కుంటుందో చూడాలని ఆయనకు పట్టుదల. ఎవరి మీద చూడాలి? తన కాలి మీదనే. తోటి డాక్టరును ఒప్పించి, తన ముంగాలి ఎముకకు ఆపరేషన్ చేయించుకున్నారు. అది చీము పట్టింది. ఎముకకే ఇన్‌ఫెక్షన్ సోకి మళ్ళీ ఆపరేషన్లు చేయించుకోవాల్సి వచ్చింది. ఇది మెచ్చుకోదగ్గ పనేనా అని మాలో మేము వాదించుకున్నాం. కాలు పోయి ఉంటే ఆ తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. తెగువ అనాలో తొందరపాటు అనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం. అయితే ఒకటి నిజం. పరాయివాళ్ళ ఒంటి మీద చేయబోయేది ముందు తన ఒంటి మీద చేసి చూసుకునే ఆ అలవాటు ఆయనను జీవితాంతం వదల్లేదు.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పెద్ద డాక్టరుగా నియామకమయ్యారు. ఆపరేషన్ లేకుండా విరిగిన ఎముకలను అతికించే విధానం మీద 1950లో ఒక పుస్తకం రాశారు. ఎముకల డాక్టర్లు ఆ పుస్తకాన్ని దశాబ్దాల పాటు చదువుకున్నారు. ఆ ఒక్క పుస్తకంతోనే ఆయన పేరు నిలిచి ఉండేది. కానీ మనం చెప్పుకోవలసింది తుంటి గురించి.

తుంటి కీలు ఎలా ఉంటుందో రోలూ రోకలీ తెలిసినవాళ్ళకు చెప్పడం తేలిక. కటి ఎముకలో గుండ్రని గుంట ఉంటుంది. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి ఆ గుంటలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొర. ఆ పొర అరిగిపోతే ఎముకా ఎముకా రాసుకుంటాయి. అలాంటి మనిషి రాత్రిపూట మంచంలో పక్కకు కూడా తిరగలేడు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు సరైన మందు లేదు. నొప్పి ఓర్చుకోవడమో, కీలు కదలకుండా ఎముకలను అతికించేయడమో చేసేవారు. కొందరు డాక్టర్లు బంతి భాగం తీసి కొత్తది పెట్టి చూస్తుండేవారు. పారిస్‌లో జూదే సోదరులు 1946లో యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో బంతి చేసి పెట్టడం మొదలుపెట్టారు.

అలాంటి ప్లాస్టిక్ బంతి పెట్టించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరికి వచ్చాడు. ఆయన బాధ నొప్పి కాదు, చప్పుడు. వంగినప్పుడల్లా తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్ళిపోయేదట. వేరే డాక్టరైతే నవ్వి ఊరుకునేవాడేమో. కిర్రుమంటోందంటే రాపిడి ఉందని, రాపిడి ఉంటే బంతి తిరిగినప్పుడల్లా ఎముకలో దాని కాడ కొద్దికొద్దిగా వదులవుతుందని చార్న్‌లీకి తట్టింది. ఊళ్ళో బండి ఇరుసుకు కందెన పెట్టకపోతే ఏమవుతుందో మన తాతలకు తెలుసు. అలాంటి సంగతే ఇది కూడా. అసలు దేవుడిచ్చిన కీలు చప్పుడు లేకుండా ఎలా తిరుగుతోంది? కోసి తీసేసిన కాళ్ళలోని కీళ్ళు తెచ్చి రాపిడి కొలిచారు. మంచుగడ్డ మీద మంచుగడ్డ జారేదానికన్నా సులువుగా అవి జారుతున్నాయి. కాబట్టి కృత్రిమ కీలుకు కావలసింది తనంతట తానే జారే పదార్థం అని నిర్ణయించుకున్నారు.

అప్పటికి మనుషులకు తెలిసిన అతి నున్నని ప్లాస్టిక్ టెఫ్లాన్. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనం మీద పూసి ఉండేది అదే. 1958 నుంచి ఆయన టెఫ్లాన్ గిన్నెలు పెట్టడం మొదలుపెట్టారు. విగన్ ఊరి దగ్గర రైటింగ్‌టన్ అనే చోట ఒక క్షయ ఆసుపత్రి ఉండేది. క్షయకు మందులు వచ్చాక అక్కడ మంచాలు ఖాళీ అయ్యాయి. ఆయన మాంచెస్టర్ నుంచి తన పనిని అక్కడికి మార్చుకుని, 1961లో తుంటి ఆపరేషన్లకే ప్రత్యేకంగా ఒక కేంద్రం తెరిచారు. పక్కనే ఒక వర్క్‌షాపు. నగరంలోని పేరున్న ఆసుపత్రిని కాదని పల్లెలోని పాత క్షయ ఆసుపత్రికి పోవడం చాలామందికి వింతగా తోచి ఉంటుంది. అక్కడికి వచ్చిన రోగులు డబ్బు కట్టనక్కర్లేదు. 1948 నుంచి ఆ దేశంలో ప్రభుత్వమే అందరికీ వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ నడుస్తోంది. అరవై వేల మాట విని వచ్చిన మాకు, ఈ వాక్యం దగ్గర కాసేపు చదువు ముందుకు సాగలేదు.

ఇప్పుడు సిమెంటు దగ్గరికి వద్దాం. కొత్త బంతికి ఒక లోహపు కాడ ఉంటుంది. దాన్ని తొడ ఎముక లోపలి బోలులోకి దింపాలి. ఎముక బోలు ఒక్కొక్కరికి ఒక్కో తీరున ఉంటుంది. కాడ మాత్రం ఫ్యాక్టరీలో ఒకే తీరున వస్తుంది. మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందు వల్ల కాడ ఊగుతుంది, ఊగితే నొప్పి. చార్న్‌లీ ఈ సమస్యను మాంచెస్టర్ దంత వైద్య కళాశాలలో పదార్థాల మీద పనిచేసే డెన్నిస్ స్మిత్‌కు చెప్పారు. పళ్ళ డాక్టర్లు కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే యాక్రిలిక్‌ను ఆయన సూచించారు. కెమిస్ట్రీ వాళ్ళం దాన్ని పాలీమిథైల్ మిథాక్రిలేట్ అంటాం. విమానాల కిటికీ అద్దాలకు వాడే ప్లాస్టిక్ కూడా ఈ జాతిదే. తయారైన ప్లాస్టిక్ పొడి ఒక పొట్లంలో, దాని మూల ద్రవం ఒక గాజు సీసాలో వస్తాయి. రెండూ కలిపితే మొదట పల్చటి జావలా, తర్వాత పూరీ పిండిలా అవుతుంది, పది పన్నెండు నిమిషాలకు రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు బాగా వేడి పుడుతుంది. ఎక్స్‌రేలో కనబడాలని బేరియం సల్ఫేటు లాంటిది కలుపుతారు. చూడండి, పేరు సిమెంటే గాని మా నాన్న వాడే సిమెంటుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అందులో సున్నపురాయి లేదు, నీళ్ళతో పనిలేదు.

యాక్రిలిక్‌ను తుంటిలో వాడినవాళ్ళలో ఈయనే మొదటివారు కాదు. న్యూయార్క్‌లో హబూష్ అనే డాక్టరు అంతకు కొన్నేళ్ళ ముందే వాడి చూశారు. చార్న్‌లీ గొప్పతనం దాన్ని ఎలా వాడాలో కనిపెట్టడంలో ఉంది. అందరూ దాన్ని జిగురు అనుకున్నారు. అది జిగురు కాదు, ఎముకకు అంటుకోదు. పిండిలా ఉన్నప్పుడే బోలు నిండా కూరి, దాంట్లోకి కాడను దింపితే, ఎముక లోపలి ప్రతి గరుకునూ పట్టుకుని, కాడ మీద పడే బరువును ఎముక పొడుగునా సమానంగా పంచుతుంది. ఈ ముక్క లైబ్రరీలో రెండుసార్లు చదివినా మాకు ఎక్కలేదు. ఇంటికి వచ్చి నాన్నకు చెబితే ఆయనకు ఒక్కసారికే అర్థమైంది. గోడలో తలుపు ద్వారబంధం నిలబెట్టినప్పుడు చుట్టూ సందుల్లో మాలు కూరతారు. మాలు చెక్కకు అతుక్కోదు. సందు లేకుండా చేసి చెక్కను కదలనివ్వదు, అంతే. సెలవుల్లో నాన్న వెనక ఇసుక మోసిన మేము ఆ పని ఎన్నోసార్లు చూశాం. చూసింది ఇదేనని మాత్రం తట్టలేదు.

బంతి విషయంలోనూ ఆయన అందరికీ ఎదురు నడిచారు. అప్పటిదాకా సహజమైన బంతి ఎంత ఉంటే అంత, అంటే నలభై మిల్లీమీటర్లకు పైబడిన లోహపు బంతులు పెట్టేవారు. ఆయన దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 22.225 మిల్లీమీటర్ల దగ్గర ఆగారు. అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. చిన్న బంతి తిరిగితే గిన్నెను మెలితిప్పే బలం తగ్గుతుంది, గిన్నె వదులవదు. ఇంటర్‌లో చదువుకున్న టార్క్ పాఠమే ఇది.

సిమెంటు నిలిచింది. బంతి నిలిచింది. టెఫ్లాన్ నిలవలేదు.

మొదటి ఏడాది రెండేళ్ళూ రోగులు ఆనందంగా నడిచారు. కర్రలు పక్కన పడేశారు. దాదాపు 300 మందికి ఆ ఆపరేషన్ అయింది. తర్వాత ఒక్కొక్కరే నొప్పితో వెనక్కి రాసాగారు. ఎక్స్‌రే తీస్తే లోహపు బంతి టెఫ్లాన్ గిన్నెను తొలుచుకుంటూ పైకి పోతోంది. తెరిచి చూస్తే కీలు చుట్టూ జున్నులాంటి మెత్తని ముద్ద. అరిగిన టెఫ్లాన్ పొడి శరీరానికి పడక తయారైంది అది. నున్నగా జారే వస్తువు అరగదని ఎక్కడా లేదు. సబ్బు కూడా జారుతుంది, అరిగిపోతుంది. ఈ తేడాను ముందుగా పట్టుకోలేకపోవడం ఆయన జీవితంలో పెద్ద తప్పు. అన్ని వందల మందికి పెట్టే ముందు కొద్దిమందికి పెట్టి ఇంకొన్నేళ్ళు ఆగవలసింది అని మా అభిప్రాయం. ఆయన తర్వాత నడుచుకున్న తీరు చూస్తే, ఆయన అభిప్రాయమూ అదేనేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత చేసిందాని వల్లనే ఆయన గురించి రాయాలనిపించింది. ఆ రోగులను వేరే వాళ్ళకు అప్పజెప్పలేదు. పాడైన గిన్నెలను తీసే ఆపరేషన్లు తనే చేశారు. తన చేత్తో పెట్టినదాన్ని తన చేత్తోనే తవ్వి తీశారు. టెఫ్లాన్ ముక్కనూ, ఇంకో ప్లాస్టిక్ ముక్కనూ తన తొడలోకి ఎక్కించుకుని నెలల తరబడి చూసుకున్నారు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ చేతికి తగులుతూ వచ్చింది. రెండోదాని దగ్గర ఏమీ లేదు. ఈ సంగతి దాచకుండా 1963లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికకు ఉత్తరం రాసి, ఇంకెవరూ టెఫ్లాన్ వాడకుండా హెచ్చరించారు. తమ తప్పును అచ్చులో ఒప్పుకునే పెద్దమనుషులు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

ఆ రెండో ప్లాస్టిక్ ఎలా వచ్చిందన్నది ఇంకో ముచ్చట. రైటింగ్‌టన్ వర్క్‌షాపులో హ్యారీ క్రేవెన్ అనే మిషను పనివాడు ఉండేవాడు. గిన్నెల అరుగుదలను కొలిచే యంత్రాన్ని నడిపింది ఆయనే. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ ఒక ప్లాస్టిక్ ముక్క పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. లాంకషైర్ నేత మిల్లుల్లో మగ్గాల పళ్ళచక్రాలకు వాడే రకం అది, అధిక అణుభారం గల పాలిథిన్. క్రేవెన్ దాన్ని చార్న్‌లీకి చూపించాడు. ఆయన గోటితో గీరి చూసి, పనికిరాదని తోసేసి వెళ్ళిపోయారు. టెఫ్లాన్ అంత నున్నగా లేదు మరి. క్రేవెన్ మాత్రం ఊరుకోలేదు. యజమాని వద్దన్న ముక్కనే యంత్రానికి ఎక్కించి రాత్రింబగళ్ళు తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. పిలిచి చూపిస్తే చార్న్‌లీ తన మాట మార్చుకున్నారు. 1962 నవంబరులో మొదటి పాలిథిన్ గిన్నెను ఒక రోగికి పెట్టారు. లోహపు చిన్న బంతి, పాలిథిన్ గిన్నె, రెండింటినీ పట్టి ఉంచే యాక్రిలిక్ సిమెంటు. తుంటి మార్పిడికి ఇదే మూలరూపం అయింది. అరవై ఏళ్ళు దాటినా బంతీ గిన్నే కాడా అనే ఆ రూపం మారలేదు. పాలిథిన్ మెరుగుపడింది, సిమెంటు లేకుండా పెట్టే రకాలూ వచ్చాయి. బిరుదులన్నీ చార్న్‌లీకి వచ్చాయి. క్రేవెన్ పేరు మన సంచికలోనైనా రెండు మూడుసార్లు అచ్చు కావాలని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాం: హ్యారీ క్రేవెన్.

ఈసారి ఆయన తొందరపడలేదు. ఏళ్ళ తరబడి ఫలితాలు చూసుకునేదాకా తన కీలును బజారులో అందరికీ అమ్మనివ్వలేదు. లీడ్స్‌లోని థాక్‌రే కంపెనీ దాన్ని తయారు చేసేది. రైటింగ్‌టన్‌కు వచ్చి, ఆపరేషన్ నేర్చుకుని వెళ్ళిన డాక్టర్లకే కంపెనీ అమ్మాలని షరతు. కొందరికి ఇది అహంకారంగా కనిపించింది. 300 మంది సంగతి తెలిసిన మనకు అలా అనిపించదు. తన రోగులను ఆయన ఇంకో మాట కూడా అడిగేవారు. వాళ్ళు చనిపోయాక ఆ కీలును తీసి పరీక్షించడానికి అనుమతి ఇవ్వమని. చాలామంది ఇచ్చారు. బతికున్న మనిషిని అలా అడగడానికి ఎంత చనువు ఉండాలి, ఇవ్వడానికి ఎంత నమ్మకం ఉండాలి!

ఇంకొక శత్రువు మిగిలింది, చీము. మొదట్లో నూటికి ఏడెనిమిది మందికి లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చేది. గాలిలోని దుమ్ము, డాక్టర్ల ఒంటి మీది సూక్ష్మజీవులు దీనికి కారణమని ఆయన అనుమానం. ఆపరేషన్ గది లోపల ఇంకో చిన్న గది కట్టించి, వడగట్టిన గాలిని పైనుంచి కిందికి పారించారు. దాన్ని తయారు చేసిన హోవర్త్ కంపెనీ అంతకు ముందు నూలు మిల్లులకు గాలి యంత్రాలు చేసేది. మళ్ళీ మిల్లులే! డాక్టర్లు తలనుంచి కప్పుకునే దుస్తులు వేసుకుని, వాళ్ళు వదిలే గాలి గొట్టాల గుండా బయటికి పోయే ఏర్పాటు చేశారు. చూడ్డానికి చంద్రుడి మీదికి పోయేవాళ్ళలా ఉండేవారు. ఇన్‌ఫెక్షన్ నూటికి ఒకరి లోపుకు పడిపోయింది. ఇందులో ఎంత భాగం గాలిదో, ఎంత భాగం మిగతా జాగ్రత్తలదో అన్న వాదన ఇప్పటికీ ముగియలేదు.

1957లో జిల్ హీవర్ గారిని పెళ్ళాడారు. అప్పటికి ఆయన వయసు 45. ఒక కొడుకు, ఒక కూతురు. 1970లో యాక్రిలిక్ సిమెంటు మీద, 1979లో తుంటి ఆపరేషన్ మీద పుస్తకాలు రాశారు. 1974లో అమెరికా వాళ్ళ లాస్కర్ అవార్డు, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న, 71వ పుట్టినరోజుకు మూడు వారాల ముందు, కన్నుమూశారు.

తుంటిలో నిలదొక్కుకున్న ఈ సిమెంటును వెన్నులోనూ వాడాలని చూశారు. అది వేరే కథ, ఆయన చేతుల మీదుగా జరిగింది కాదు. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు ఉంటాయి, వాటినే డిస్కులు అంటాం. చెడిపోయిన డిస్కును తీసేస్తే ఆ ఖాళీ ఎలా నింపాలి? 1959లోనే అమెరికాలో హాంబీ, గ్లేజర్ అనే ఇద్దరు, ఈ జాతి యాక్రిలిక్‌నే ఆ ఖాళీలో పెట్టి అక్కడే గట్టిపడనిచ్చే పద్ధతిని ప్రచురించారు. స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్ అనే డాక్టరు సిమెంటు కాకుండా ఉక్కు బంతి పెట్టి, ఆ ఫలితాలు 1966లో ప్రచురించారు. తుంటి దగ్గర సిమెంటు కొంచెం పక్కకు కారినా చాలాసార్లు పెద్ద ప్రమాదం ఉండదు. వెన్నులో పక్కనే వెన్నుపాము, నరాలు. కారితే కాళ్ళు పడిపోవచ్చు. అందుకే ముందు బోలుగా ఉండే సంచినో తొట్టినో డిస్కు స్థానంలో కూర్చోబెట్టి, ఆ తర్వాత దానిలోకి సిమెంటు నింపే నమూనాలు వచ్చాయి. మేస్త్రి ముందు సెంట్రింగు కట్టుకుని ఆ తర్వాత కాంక్రీటు పోసినట్టే. కుంగిన వెన్నుపూసలోకే సూదితో సిమెంటు ఎక్కించడం 1984లో ఫ్రాన్సులోని ఆమియాఁ నగరంలో గాలిబేర్, డెరామాన్ అనే డాక్టర్లు మొదలుపెట్టారు. మా నాయనమ్మకు చెప్పింది ఇదే.

రెండో రోజు సాయంత్రానికి మాకు ఇంకో సంగతి కనబడింది. 2009లో ఒక పెద్ద వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలను అచ్చువేసింది. ఎముక పల్చబడి వెన్నుపూస కుంగినవాళ్ళను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు సిమెంటు ఎక్కించారు, రెండో జట్టుకు ఎక్కించినట్టు నటించారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. నొప్పి తగ్గడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీని మీద తర్వాత వేరే పరిశోధనలూ, వాదాలూ వచ్చాయి. క్యాన్సర్ వల్ల కుంగినవాళ్ళ సంగతి వేరు, భరించలేని నొప్పి ఉన్న కొందరికి మేలు చేస్తుందనేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఇది చదివి మీ ఇంట్లో ఎవరికైనా వద్దని చెప్పేయకండి. మేము చేసింది ఇంతే. ఎక్స్‌రే పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి, ప్రభుత్వ ఆసుపత్రికి పోయాం. ఆయన నాయనమ్మ కాళ్ళలో బలం, స్పర్శ పరీక్షించి, నరాలు బాగానే ఉన్నాయని, నడుముకు బెల్టు, నొప్పికి మాత్రలు, ఎముక బలానికి మందులు రాసిచ్చి, ఆరు వారాలు ఆగి చూద్దామన్నారు.

ఆ ఆరు వారాలు మాకు నిద్ర సరిగా పట్టలేదు. పుస్తకం చదివి చెప్పింది మేము, మూలిగింది ఆమె. రాత్రిళ్ళు హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే వెనకాల ఆమె మూలుగు వినిపించేది. తప్పు చెప్పామేమోనని భయం. తన రోగులు ఒక్కొక్కరే వెనక్కి రావడం చూసిన చార్న్‌లీకి ఎలా ఉండి ఉంటుందో కొంచెం, చాలా కొంచెం, అప్పుడు తెలిసింది. ఏడో వారంలో ఆమె గోడ పట్టుకుని లేచి పొయ్యి దాకా వచ్చింది. ఇప్పుడు వంగి నడుస్తుంది గాని నడుస్తుంది. నొప్పి పూర్తిగా పోలేదు. బిందె మాత్రం ఎత్తనివ్వడం లేదు.

నాన్నకు ఇంకా ఆ సిమెంటు మీద కుతూహలం తీరలేదు. మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు, అది గట్టిపడటానికి ఎంతసేపు పడుతుందని మళ్ళీ అడిగాడు. పది పన్నెండు నిమిషాలు అన్నాం. క్యూరింగుకు ఎన్ని రోజులు నీళ్ళు కొట్టాలి అన్నాడు. అసలు నీళ్ళే అక్కర్లేదన్నాం. ఆయన తాపీ కడుక్కుంటూ కాసేపు ఆలోచించి, అయితే ఆ మేస్త్రికి చెయ్యి చాలా చురుకుగా ఉండాలి అని, లోపలికి వెళ్ళి నాయనమ్మ బెల్టు పట్టీ సరిచేశాడు.